లూపస్‌లో అసలు దోషి ఎవరు? బి కణమా, ఇంటర్‌ఫెరానా?

వాసు_ఇమ్యునో:
లూపస్‌లో మన రక్షణ కణాలు మన మీదే తిరగబడతాయి, ఇది అందరికీ తెలిసిందే. ఆ తిరుగుబాటుకు నాయకుడెవరన్న దగ్గరే పేచీ: యాంటీబాడీలు చేసే బి కణమా, వైరస్ వస్తే కణాలు వదిలే హెచ్చరిక ప్రొటీన్ ఇంటర్‌ఫెరానా. నా ఓటు బి కణానికి. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గేయోర్గ్ షెట్ బృందం కార్-టి చికిత్స చేసింది చూడండి. రోగి టి కణాలను (ఇవీ రక్షణ కణాలే) బయటికి తీసి, సీడీ19 ఉన్న కణం ఎక్కడ కనబడినా చంపేలా మార్చి, మళ్లీ ఎక్కించారు. సీడీ19 బి కణాల ఒంటి మీది గుర్తు. 2022లో అయిదుగురి ఫలితాలు వచ్చాయి: అయిదుగురికీ రోగం అణిగింది, లూపస్ మందులన్నీ ఆపేశారు. 2024 నివేదికలో లూపస్ ఉన్న ఎనిమిది మందిదీ అదే కథ. మూడు నాలుగు నెలలకు బి కణాలు మళ్లీ పుట్టాయి, అయినా వాళ్లను గమనించినంత కాలం రోగం తిరగబెట్టలేదు. ఇంకేం రుజువు కావాలి?

స్లైడ్‌మాస్టారు:
వాసు గారూ, కొంచెం ఆగండి. బి కణాలను తుడిచిపెట్టడం కార్-టితోనే మొదలైందా? రిటుక్సిమాబ్ అనే మందు చేసేదీ అదే. లూపస్‌లో దాన్ని పరీక్షించిన రెండు పెద్ద ట్రయల్స్ ఎక్స్‌ప్లోరర్ (2010), లూనార్ (2012). రెండూ పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకోలేదు. దాని గురించి ఒక్క మాటా రాయలేదేం?

ల్యాబ్‌లో స్లైడ్లు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు లూపస్ అంటే ముందు గుర్తొచ్చేది ఎల్ఈ కణం. 1948లో మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం వర్ణించింది. పాడైన కణం కేంద్రకాన్ని ఓ న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్లరక్తకణం) మింగేసి ఉంటుంది. కణం మధ్యలో నున్నటి ఊదారంగు ముద్ద, దాని సొంత కేంద్రకమేమో ఓ అంచుకు ఒత్తుకుపోయి కనిపిస్తుంది. ఒకసారి చూస్తే మరిచిపోలేం. అదే న్యూట్రోఫిల్ చచ్చేటప్పుడు తన డీఎన్ఏనే వలలా బయటికి విసురుతుందని 2004లో తెలిసింది. లూపస్ రోగుల్లో ఆ వల తగిలి ప్లాస్మాసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలు అనే మరో రకం రక్షణ కణాలు రెచ్చిపోతాయని, ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా కుమ్మరిస్తాయని 2011లో చూపించారు. వేరే జబ్బులకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో కొందరికి లూపస్ లాంటి రోగమే వచ్చింది. బి కణం చేతిలో కత్తి ఉండొచ్చు. కత్తి ఇచ్చి పంపిందెవరు?

వాసు_ఇమ్యునో:
మాస్టారూ, మీ ఎల్ఈ కణం నా సాక్షే! న్యూట్రోఫిల్ ఆ కేంద్రకాన్ని ఎందుకు మింగింది? దానికి యాంటీబాడీ అంటుకుని ఉంది కాబట్టి. ఆ యాంటీబాడీని చేసేది బి కణమూ, దాన్నుంచి పుట్టే ప్లాస్మా కణమూ తప్ప ఇంకెవరు? మీరన్న వల కూడా యాంటీబాడీతో జతకట్టి వచ్చినప్పుడే డెండ్రైటిక్ కణం లోపలికి బాగా చేరుతుంది.

రిటుక్సిమాబ్ సంగతికొస్తే, అది రక్తంలోని బి కణాలను తీసేస్తుంది గానీ లింఫ్ గ్రంథుల్లో దాక్కున్నవాటిని పూర్తిగా అందుకోలేదు. కార్-టి తర్వాత గ్రంథి ముక్క తీసి చూస్తే అక్కడా బి కణాలు ఖాళీ. రిటుక్సిమాబ్‌కంటే గట్టిగా పనిచేసే ఒబినుటుజుమాబ్ అనే మందును కిడ్నీ లూపస్‌లో పరీక్షించి 2025లో ఫలితాలు చెప్పారు: మామూలు మందులకు ఇది కలిపితే పూర్తిగా స్పందించినవాళ్లు 46 శాతం, కలపకపోతే 33 శాతం. రిటుక్సిమాబ్ ఓడింది సగం తుడవడం వల్ల, తప్పు మనిషిని పట్టుకోవడం వల్ల కాదు.

ఎర్రమచ్చ:
నేను పేషెంట్‌ని, సైన్సు చదవలేదు. మీ గొడవ మధ్యలో ఒక మాట. నా డీఎస్-డీఎన్ఏ (డీఎన్ఏ మీద తిరగబడే యాంటీబాడీల పరీక్ష) రిపోర్టు శుభ్రంగా ఉన్న రోజుల్లోనే వేళ్లు వాచి గ్లాసు పట్టుకోలేకపోయాను. అంకె ఎక్కువగా వచ్చి టెన్షన్ పడ్డ నెలల్లో ఒంట్లో ఏమీ లేదు. యాంటీబాడీలే అసలు దోషులైతే ఇలా ఎందుకవుతుంది? ఇంకోటి, అందరికీ రాసే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర మీ ఇద్దరిలో ఎవరి పక్షం?

స్లైడ్‌మాస్టారు:
అమ్మా, అసలు ప్రశ్న మీరే అడిగారు. అమెరికా సైన్యం దాచిన పాత రక్త నమూనాలతో 2003లో ఓ అధ్యయనం వచ్చింది. లూపస్ తేలిన 130 మందిలో 88 శాతం మందికి రోగ నిర్ధారణకు ముందే యాంటీబాడీలు ఉన్నాయి, కొందరికి తొమ్మిదేళ్ల ముందు నుంచే. అన్నేళ్లూ ఊరుకున్న రోగం ఒకనాడు ఎందుకు లేచింది? యాంటీబాడీ ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే ఏం కావాలి.

మీ మాత్ర ప్రధానంగా కణం లోపల ఆర్ఎన్ఏ, డీఎన్ఏలను పసిగట్టే టీఎల్ఆర్7, టీఎల్ఆర్9 అనే గ్రాహకాల మీద పనిచేస్తుంది. అవి డెండ్రైటిక్ కణంలోనూ ఉన్నాయి, బి కణంలోనూ ఉన్నాయి. ఈ తగువులో అది ఎవరి వైపూ సాక్ష్యం చెప్పదు.

వాసు_ఇమ్యునో:
ఎర్రమచ్చ గారూ, బి కణం పని యాంటీబాడీ వదలడం ఒక్కటే కాదు. బి కణాలు ఉండీ యాంటీబాడీ వదల్లేని ఎలుకలను 1999లో తయారుచేశారు. వాటికీ కిడ్నీ వాపు వచ్చింది. అంటే బి కణం టి కణాలకు మన ఒంటి ప్రొటీన్ ముక్కలనే చూపించి రెచ్చగొడుతుంది, సైటోకైన్లు అనే సంకేత ప్రొటీన్లూ వదులుతుంది. మీ రిపోర్టులో కనిపించేది దాని పనిలో ఒక ముక్క మాత్రమే.

టీఎల్ఆర్7 మాట వచ్చింది కాబట్టి: లూపస్ ఉన్న ఓ అమ్మాయిలో ఈ గ్రాహకాన్ని చేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిందని 2022లో బయటపెట్టారు. అదే మార్పు ఎలుకలకు పెడితే వాటికీ లూపస్ వచ్చింది, అదీ బి కణాల ద్వారానే. జన్యువేమో ఆడవాళ్లలో రెండేసి ఉండే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే ఎందుకన్నదానికి ఇది కొంత జవాబు.

టి_పక్షం:
ఇంతసేపూ టి కణాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సహాయక టి కణం తోడు లేకుండా బి కణం అంత పదునైన యాంటీబాడీ చేయగలదా? మీ ఇద్దరికీ నచ్చదని తెలుసు, అయినా రాశాను.

స్లైడ్‌మాస్టారు:
టి_పక్షం గారూ, మీ కేసు వేరే చర్చగా పెట్టండి, వస్తాను.

వాసు గారూ, ఎర్లాంగెన్ చికిత్సలో కార్-టి ఎక్కించే ముందు ఫ్లుడారబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇచ్చారు. సైక్లోఫాస్ఫమైడ్ లూపస్‌కు ఎప్పటినుంచో వాడే మందు. పైగా పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. ఇటువైపు 2021లో అనుమతి వచ్చిన అనిఫ్రోలుమాబ్ ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని మూసేస్తుంది, బి కణాలను చంపదు. అయినా పనిచేస్తోంది కదా?

వాసు_ఇమ్యునో:
ఒక్క విడత సైక్లోఫాస్ఫమైడ్‌తో మందులన్నీ మానేసిన ఎనిమిది మందిని మీ సర్వీసులో చూశారా? ఇక అనిఫ్రోలుమాబ్: దాని రెండు ట్రయల్స్‌లో ట్యూలిప్-1 లక్ష్యం తప్పింది, ట్యూలిప్-2 గట్టెక్కింది. ఆపితే రోగం మళ్లీ రావచ్చు. కార్-టి తర్వాత రక్తంలో ఇంటర్‌ఫెరాన్ గుర్తు (దాని వల్ల చురుకయ్యే జన్యువుల జాడ) కూడా తగ్గిపోయిందని ఎర్లాంగెన్ వాళ్లే చూపించారు. బి కణం పోతే ఇంటర్‌ఫెరానూ చల్లారింది.

స్లైడ్‌మాస్టారు:
వలయంలో ఎక్కడ తెంచినా మిగతాది చల్లారుతుంది. మొదలెక్కడో దాన్నిబట్టి తేలదు. సీ1క్యూ అనే ప్రొటీన్ పుట్టుకతోనే లేనివాళ్లలో దాదాపు అందరికీ లూపస్ వస్తుంది. దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి చచ్చిన కణాల చెత్త ఎత్తించడం. ఆ చెత్త పేరుకోవడం దగ్గరే నా వాదన మొదలవుతుంది, బి కణం తర్వాత వచ్చింది.

ఎర్రమచ్చ:
మరి రోగులందరిలో ఈ ఇంటర్‌ఫెరాన్ గుర్తు ఉంటుందా?

స్లైడ్‌మాస్టారు:
పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఉంటుంది, అందరికీ కాదమ్మా. అది బలంగా ఉన్నవాళ్లకే అనిఫ్రోలుమాబ్ ఎక్కువ పనికొచ్చింది.

వాసు_ఇమ్యునో:
ఆ గుర్తు లేనివాళ్లకు కూడా ఏఎన్ఏ (కణ కేంద్రకం మీద తిరగబడే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్‌గానే ఉంటుంది మాస్టారూ. వాళ్లకు రోగం ఎలా వచ్చిందో మీ లెక్కలో చెప్పండి, వింటాను.