పిర్లోని డిఫెన్స్ ముందుకు ఎందుకు దించారు?

నడిగీత: ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆంద్రియా పిర్లో మొదట్లో నంబర్ 10 స్థానంలోనే, అంటే స్ట్రైకర్ల వెనక దాడి నడిపే చోటే ఆడేవాడు కదా. వెనక్కి దించింది ఎవరు? వేగం లేదు, ట్యాక్లింగ్ అంతంతమాత్రం. అక్కడ ఎలా నెగ్గుకొచ్చాడు? అలాంటి పిల్లాడు అండర్-17లో ఉంటే ఏం నేర్పాలి?

కార్నర్‌జెండా: 2001 జనవరిలో అతని క్లబ్ ఇంటర్ అతన్ని లోన్ మీద (కొంతకాలానికి అరువుగా) బ్రెషా క్లబ్‌కు పంపింది. అక్కడ నంబర్ 10 స్థానం ఇటలీ స్టార్ రొబెర్తో బాజ్జోది. అందుకని కోచ్ కార్లో మజ్జోనే పిర్లోని డిఫెన్స్ ముందు నిలబెట్టాడు. ఆ ఏప్రిల్‌లో యువెంటస్‌తో మ్యాచ్ చూడండి. వెనక నుంచి పిర్లో ఎత్తి వేసిన బంతిని బాజ్జో ఒక్క టచ్‌తో కీపర్ని దాటించి గోల్ కొట్టాడు. తర్వాత ఏసీ మిలాన్‌కి మారాడు, అక్కడ కోచ్‌గా ఆంచెలోట్టి వచ్చాక ఆ స్థానమే ఖాయమైంది.

పైన ఆడేటప్పుడు గోల్‌కి వీపు పెట్టి బంతి అందుకోవాలి, మార్కర్ వీపుకి అంటుకునే ఉంటాడు. వేగం లేనివాడు అక్కడ తిరగలేడు. కిందికి దిగితే మైదానమంతా ఎదురుగా కనిపిస్తుంది. పిర్లోకి కావలసింది అదే.

ఎడంకాలు: పక్కన పరిగెత్తేవాళ్లు లేకపోతే ఇది నిలవదు. మిలాన్‌లో కుడివైపు గట్టూజో, ఎడమవైపు సీడార్ఫ్. 2011లో ఫ్రీగా (బదిలీ రుసుము లేకుండా) యువెంటస్‌కి వెళ్లాక విదాల్, మార్కీజియో. వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు వచ్చాయి.

దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, ఒకణ్ణి అతనికే కాపలా పెడితే. 2010 మార్చిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పార్క్ జీ-సుంగ్ చేసింది అదే. మిలాన్ 4-0తో ఓడింది. యువెంటస్‌లో మాత్రం వెనక సెంటర్‌బ్యాక్ (నడిమి డిఫెండర్) బొనుచ్చి ఉన్నాడు. పిర్లోకి దారి మూస్తే లాంగ్ పాస్ అతనే వేసేవాడు. కాబట్టి మీ సెంటర్‌బ్యాక్‌కి కూడా పాసింగ్ నేర్పండి, లేకపోతే సగం పనే అయినట్టు.

కార్నర్‌జెండా: పిల్లాడి సంగతికొస్తే, ముందు మెడ తిప్పడం. పాస్ తోటివాడి కాలు వదలకముందే ఒకసారి, బంతి దారిలో ఉండగా ఇంకోసారి వెనక్కి చూడాలి. బంతి అందాక చూస్తే ఆలస్యమే. ఒళ్లు అడ్డంగా తెరిచి, బంతి వచ్చే వైపుకి దూరంగా ఉన్న కాలితో అందుకోవాలి. దగ్గరి కాలితో ఆపితే వచ్చిన వైపే తిరుగుతాడు.

12 మీటర్ల చదరంలో 4 మంది బంతి తిప్పుతుంటే 2 లాక్కునేలా ఆడించండి. అతని వెనక నిలబడి రంగు కోన్ ఎత్తండి. బంతి తాకేలోపు రంగు చెప్పాలి. చెప్పలేకపోతే బంతి అవతలివాళ్లకి. విసుక్కుంటాడు, అయినా వదలొద్దు.

నడిగీత: నేర్పడానికి చూపించదగ్గ క్లిప్ ఒకటి?

ఎడంకాలు: 2006 వరల్డ్ కప్ సెమీఫైనల్, జర్మనీ మీద 119వ నిమిషం. బాక్స్ అంచున బంతి దొరకగానే షాట్ కొట్టలేదు. కుడికి అడ్డంగా నడిపించాడు. డిఫెండర్లు అతని మీదికి జరిగారు, ఆ సందులోంచి గ్రోస్సోకి జారవిడిచాడు. పిల్లాడికి చూపించేటప్పుడు బంతిని కాకుండా ఆ డిఫెండర్ల అడుగుల్ని చూడమనండి.