మొదటిసారి కార్ల వేలానికి వెళ్తున్నా: 67 ముస్తాంగ్, చేతిలో 35 వేల డాలర్లు, ఎంతదాకా పాడొచ్చు?

కొలంబస్ భీమవరం:
అందరికీ నమస్కారం. ఒహాయోలో ఉంటాను, సొంతూరు భీమవరం పక్కన. పాత ఫోర్డ్ ముస్తాంగ్ కారు కొనాలని పదేళ్ల కోరిక. ఇన్నాళ్లకి మా ఆవిడ ఒప్పుకుంది, "35 వేలు దాటితే మాత్రం ఆ కార్లోనే పడుకో" అన్న షరతు మీద. మే నెలలో ఇండియానాపొలిస్‌లో జరిగే పెద్ద వేలానికి పేరు కట్టాను. ఒక కారు మీద కన్ను పడింది. 1967 హార్డ్‌టాప్, అంటే మడవని రేకు పైకప్పుది, ఎర్ర రంగు. కేటలాగులో "289 వీ8, ఆటోమేటిక్, రీస్టోర్ చేసినది" అని ఉంది, అంటే 289 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, బండిని మళ్లీ కొత్తదానిలా బాగుచేశారట. రిజర్వు పెట్టారు, అంటే అమ్మేవాడు అనుకున్న ధర రాకపోతే బండి ఇవ్వరు. నాకు షోల్లో బహుమతులు అక్కర్లేదు, ఆదివారం పూట పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలి, అంతే.

35 వేలదాకా పాడేయొచ్చా, పైన ఇంకేమైనా పడతాయా? నడిపి చూడనివ్వరట, మరి బండి బాగోగులు తెలిసేదెలా? వేలం వేసేవాడు లేని పాట ఉన్నట్టు పెంచుతాడని విన్నాను, నిజమేనా? మా ఊరి చేపల చెరువు పాటలు తప్ప నాకు వేరే వేలం అనుభవం లేదు.

షెడ్డు బాబాయ్:
బాబూ, ముందు డబ్బు సంగతి తేల్చుకుని తర్వాత బండి చూద్దాం. సుత్తి పడిన ధర వేరు, నువ్వు కట్టే ధర వేరు. 2020 జనవరిలో ఫ్లోరిడా కిస్సిమ్మీ వేలంలో, హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 1968 సినిమాలో నడిపిన ముస్తాంగ్ వచ్చింది. రిజర్వు లేదు. 34 లక్షల డాలర్ల దగ్గర సుత్తి పడింది. కొన్నాయన కట్టింది 37 లక్షల 40 వేలు. ఆ తేడా వేలం సంస్థ కొనేవాడి దగ్గర తీసుకునే 10 శాతం కమీషన్. నీ ఎర్ర కారుకైనా లెక్క ఇదే. ఆన్‌లైన్లో పాడితే శాతం ఇంకాస్త ఎక్కువ తీసుకునే చోట్లు ఉన్నాయి, అందుకని బిడ్డర్ (పాట పాడేవాడి) నియమాలు సంతకం పెట్టేముందు చదువు.

28 వేల దగ్గర పాట నీ మీద ఆగిందనుకో. కమీషన్ 2,800, మొత్తం 30,800. మీ కౌంటీ అమ్మకపు పన్ను 8 శాతం అనుకుంటే ఇంకో 2,464. ఇప్పటికి 33,264. మిగిలేది 1,736. అందులోంచే ట్రైలర్ బాడుగ, ఇన్సూరెన్సు, టైర్లు రావాలి. టైర్ల మీది గాడులు లోతుగా ఉన్నాయని మురిసిపోకు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. షెడ్డు దాటి బయటికి రాని కార్లకి టైర్లు అరగవు, రబ్బరు మాత్రం లోపల్లోపలే ఎండి పగులుతుంది. కాబట్టి నీ ఆఖరి అంకె 28 వేలు. బిడ్డర్ కార్డు వెనక పెన్నుతో రాసుకో. నేను రాసుకోకుండా వెళ్లి ఒకసారి నాలుగు వేలు ఎక్కువ పెట్టాను. పక్కన ఎవరో టోపీ పెట్టుకున్నాయన నావంక చూసి నవ్వాడని! ఆ నవ్వు ఖరీదు అదీ.

ఇంకో ముక్క. సుత్తి పడిన క్షణం నుంచి బండికి ఏమైనా అయితే నష్టం నీదే. ఇన్సూరెన్సు వాళ్లతో ముందురోజే మాట్లాడి ఉంచు. పాత కార్లకి ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే పాలసీలు ఉన్నాయి, అవే తీసుకో. మామూలు పాలసీ అయితే తరుగుదల పేరు చెప్పి కోసేస్తారు. గ్యారేజీ ఉందా, రోజూ తిరగడానికి వేరే కారు ఉందా అని అడుగుతారు, సిద్ధంగా ఉండు.

గోదారి మెకానిక్:
బాబాయ్ గారి లెక్క సరిగ్గా ఉంది. నాకు బండి గురించి ఒక అనుమానం. కేటలాగులో వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు, ఉంటుంది కదా, మొదటి ఐదు అక్షరాలు పెట్టండి. మొత్తం వద్దు.

కొలంబస్ భీమవరం:
7ఎఫ్01టి అండీ.

గోదారి మెకానిక్:
అనుకున్నదే అయింది. 7 అంటే 1967. ఎఫ్ అంటే డియర్‌బార్న్ కర్మాగారం. 01 అంటే హార్డ్‌టాప్, 02 అయితే పైకప్పు వెనక్కి వాలి ఉండే ఫాస్ట్‌బ్యాక్, 03 అయితే పైకప్పు మడిచేది. ఐదో అక్షరం ఇంజిన్‌ది. 289 వీ8లో రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉంటే సి, నాలుగు బ్యారెళ్లది ఉంటే ఎ. మీదాంట్లో టి ఉంది. అది 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ గుర్తు. ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చిన కారుకి తర్వాత ఎవరో వీ8 బిగించారన్నమాట. కేటలాగు అబద్ధమాడలేదు, గమనించారా? "289 వీ8" అన్నారు గానీ "ఒరిజినల్" అన్న మాట ఎక్కడా వాడలేదు.

దీంతో బండి పనికిరాదని కాదు. మీకు బహుమతులు వద్దన్నారు కాబట్టి నిజానికి ఇది మీకు మేలే. పుట్టుకతో వీ8 అయిన బండికి ఇచ్చే ధర దీనికి ఇవ్వకండి, అంతే. ఇంజిన్ మార్చినవాళ్లు మిగతావి మార్చారా అన్నదే అసలు ప్రశ్న. చక్రాల బోల్టులు లెక్కపెట్టండి. ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల ముస్తాంగ్‌కి చక్రానికి నాలుగు, వీ8కి ఐదు. వీ8 ఇంజిన్ కింద ఇంకా నాలుగు బోల్టుల చక్రాలే ఉంటే బ్రేకులు, వెనక యాక్సిల్ అన్నీ ఆ చిన్న ఇంజిన్‌కి చేసినవే. పిల్లల్ని ఎక్కించుకుంటానన్నారు, ఆ బండి వదిలేయండి.

తలుపు మీది ప్లేటు ఒక్కటీ నమ్మొద్దు, కొత్తవి చేయించి రివెట్లు కొట్టేయొచ్చు. బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ రేకు మీద అచ్చొత్తిన నంబరు చూడండి, బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితంతో అక్షరం అక్షరం సరిపోవాలి. 1967 నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు మార్టీ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. వీఐఎన్ ఇచ్చి డబ్బు కడితే ఫ్యాక్టరీలో ఏ రంగు, ఏ ఇంజిన్, ఏ గేరుబాక్సు వేశారో రిపోర్టు పంపుతారు. వేలానికి ముందే తెప్పించుకోండి. ఎరుపు అసలు రంగు కాకపోతే అదీ బేరానికి పనికొస్తుంది.

ఇక తుప్పు. ఈ మోడళ్లకి ముందు అద్దం కింద గాలి వెళ్లే జాలీ ఉంటుంది, దాని లోపలి తొట్టి తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. వాన నీళ్లు నేరుగా ముందు సీట్ల కాళ్ల దగ్గరికి దిగుతాయి. ఇంట్లో అయితే చెంబుడు నీళ్లు పోసి చూసేదాన్ని, వేలంలో పోయనివ్వరు. డ్యాష్‌బోర్డు కిందకి చెయ్యి పెట్టి తడమండి, అడుగున కార్పెట్ అంచు లేపి చూడండి. చెమ్మ వాసన, గోధుమ రంగు చారలు కనిపిస్తే మరమ్మతు ఖర్చు వేలల్లోకి పోతుంది, ఎందుకంటే ఆ తొట్టి కింద వెల్డింగ్ చెయ్యాలంటే ముందు భాగం సగం విప్పాలి. ఫెండర్లకి గుడ్డలో చుట్టిన పల్చటి అయస్కాంతం ఆనించండి, అమ్మేవాళ్లని అడిగి. అంటుకోని చోట రేకు బదులు పుట్టీ ఉందని గుర్తు.

బాలాపూర్ బిడ్డ:
అన్నా, బండి సంగతి అక్క చెప్పింది, నేను పాట గురించి చెప్త. మా దిక్కు లడ్డూ పాట తెలుసు గదా? 1994ల 450 రూపాయలకు మొదలైంది, 2024ల 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. ఆడ పాడేటోళ్లు లడ్డూ కోసం పాడరు, పేరు కోసం పాడుతరు. కార్ల వేలంల కూడా ఒకే బండి మీద ఇద్దరు పంతం పట్టిన్రంటే గట్లనే ఉంటది. నువ్వు ఆ ఇద్దర్ల ఒకనివి కాకు.

షెడ్డు బాబాయ్:
బాగా చెప్పావు. లేని పాట సంగతి అడిగావు కదా బాబూ, అది నిజమే. రిజర్వు ఉన్న బండికి, రిజర్వు చేరేదాకా అమ్మేవాడి తరఫున వేలం వేసేవాడు పాట పెంచొచ్చు. చాలా సంస్థల నియమాల్లో ఆ మాట రాసే ఉంటుంది, మోసం కాదు. హాల్లో ఒక్కడివే చెయ్యెత్తినా పాట పైకి పోతుంటే కంగారుపడకు. రిజర్వు తీసేశాం అన్న కేక వినబడేదాకా బండి అమ్మకానికి లేనట్టే. ఆ కేక తర్వాత వచ్చే పాటలే నిజమైన పాటలు.

వేదిక మీద బండి ఉండేది రెండు మూడు నిమిషాలు. మన ఊళ్లో "ఒకటోసారి, రెండోసారి" అని ఊపిరి పీల్చుకోనిస్తారు, ఇక్కడ ఆ తీరిక ఉండదు. వేలం సంస్థ మనిషి నీ పక్కకే వచ్చి, భుజం మీద చెయ్యేసి, ఇంకొక్కటి అంటాడు. మంచివాడే, కానీ ఆయన జీతం ఇచ్చేది నువ్వు కాదు. వెయ్యి పెంచమంటే అయిదొందలే పెంచుతానని అరచెయ్యి అడ్డంగా కోసినట్టు చూపించు, చాలాసార్లు ఒప్పుకుంటారు. రిజర్వు చేరక బండి వెనక్కి పోతే ఆఫీసు బల్ల దగ్గరికెళ్లి నీ అంకె రాసిచ్చిరా. అమ్మేవాడికి తిరిగి ట్రైలర్ ఎక్కించి తీసుకుపోవడం ఖర్చు, సాయంత్రానికి మెత్తబడతాడు. శనివారం మధ్యాహ్నం పేరున్న బండ్లకి జనం విరగబడతారు, వారం మొదట్లో పొద్దున్నే వచ్చే బండ్లకి డీలర్లే ఎక్కువ, ధరలు అదుపులో ఉంటాయి.

నడపనివ్వరు నిజమే. కానీ బండ్లని వేదిక దగ్గరికి నడిపించుకుంటూ తెస్తారు. నువ్వు అంతకుముందే అక్కడికి చేరి బానెట్ మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో చూడాలి. ముందే వేడెక్కించి పెట్టారంటే ఏదో దాస్తున్నారేమో అనుకో. నీలం పొగ వచ్చిందంటే నూనె తాగుతోంది.

విజయవాడ అంబాసిడర్:
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా నాన్నగారి 1968 అంబాసిడర్ ఉంది. ఇక్కడ ఇలాంటి బండి కొన్నా అమ్మినా కాగితాలు ఎలా?

గోదారి మెకానిక్:
అన్నయ్యా, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాయి కాబట్టి మీది వింటేజ్ కిందకి వస్తుంది. 2021 జూలైలో కేంద్రం నియమాలు తెచ్చింది. రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉండే ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి తిరగడం కుదరదు, కిరాయికి ఇవ్వడమూ కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులకి మాత్రమే రోడ్డెక్కాలి. పెళ్లి ఊరేగింపులకి అద్దెకిద్దామని అనుకుంటుంటే ముందే ఆలోచించుకోండి.

విజయవాడ అంబాసిడర్:
అదే అనుకున్నానమ్మా, పట్టేశావు.

కొలంబస్ భీమవరం:
వెళ్లొచ్చాను. చక్రాలకి బోల్టులు ఐదే, నాలుగు చక్రాలకీ లెక్కపెట్టాను. మార్టీ రిపోర్టులో అసలు రంగు ముదురాకుపచ్చ. నంబర్లు కలిశాయి. డ్రైవర్ వైపు కార్పెట్ లేపితే చెమ్మ లేదు, రెండో వైపు మాత్రం అరచెయ్యంత గోధుమ మరక. స్టార్ట్ చేసినప్పుడు పొగ లేదు.

పాట 15 వేలతో మొదలై 24 దాకా ఒక్క ఊపులో పోయింది. నేను 26 అన్నాను, భుజం మీద చెయ్యేసే ఆయన వచ్చాడు, బాబాయ్ చెప్పినట్టే. 28 పాడాను. అటువైపు నుంచి 29 వచ్చింది. కార్డు తిప్పి వెనక అంకె చూసుకుని జేబులో పెట్టేశాను. చేతులు వణికాయి, అబద్ధమెందుకు. 29 మీదే ఆగిపోయింది, రిజర్వు తీసేశాం అన్న కేక రాలేదు, బండి వెనక్కి వెళ్లిపోయింది.

గోదారి మెకానిక్:
ఆ 29 మనిషి పాటో, అమ్మేవాడి తరఫు పాటో! బల్ల దగ్గరికి వెళ్లారా?

కొలంబస్ భీమవరం:
వెళ్లానండీ. మరక ఫోటో తీసి చూపించి, 26,500 అని రాసిచ్చి వచ్చాను. అమ్మే ఆయన టెనెస్సీ నుంచి తెచ్చాడట, సోమవారంలోగా చెప్తానన్నాడు. ఫోను ఇంకా రాలేదు. మా ఆవిడ మాత్రం గ్యారేజీలో సైకిళ్లు ఒక పక్కకి జరిపింది.

షెడ్డు బాబాయ్:
ఫోనొస్తే ముందు ఇన్సూరెన్సు వాడికి చెప్పు, తర్వాత మాకు.