టీములో ఎవరికి ఏ పనో స్వభావం చూసి ఇవ్వొచ్చా?

గుణుపురం కుర్రాడు:
మాది చిన్న అప్పులిచ్చే కంపెనీ, పేరొద్దులెండి. ఈమధ్య హెచ్‌ఆర్ వాళ్ళు ఆన్‌లైన్‌లో ప్రశ్నలు పంపి టిక్కులు పెట్టించారు, కొత్తవాళ్ళతో ఇట్టే కలిసిపోతారా లాంటివి, ఆ మార్కులు చూసి పనులు మార్చేశారు. మాతో ఒక సవర గిరిజన కుర్రాడున్నాడు, నోట్లోంచి మాట ఊడదు, ఇంట్రోవర్ట్ అని తేల్చి ఫీల్డు నుంచి తీసి కంప్యూటర్ ఎంట్రీలో వేశారు. నాది వాగుడు నోరు కాబట్టి నన్ను పుట్టసింగి వైపు కొండ ఊళ్ళకి తోలారు. సంఘం మీటింగులో ఆడవాళ్ళు నా ఒడియాకి తలూపుతారు, నేను లేచాక అసలు సంగతులు సవరలో మాట్లాడుకుంటారు. వాడైతే చాప మీద కూచుని పాస్‌బుక్కులు ఒక్కోటీ తిప్పుతూ ఒక్క ముక్క అడిగేవాడు, అంతే, ఇంట్లో ఎవరికి జ్వరమో ఈసారి కిస్తీ ఎందుకు కష్టమో అన్నీ చెప్పేసేవారు. ఇది సైన్సా, జాతకమా?

రాయగడ షిఫ్ట్:
జాతకం అనీకు తమ్ముడూ. 1991లో బారిక్, మౌంట్ అని ఇద్దరు (అమెరికా బారిక్ లే, మన ఒడియా బారిక్ బాబు కాదు) అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. పని పద్ధతిగా, వదలకుండా చేసే గుణానికీ పనితీరుకీ వాళ్ళు చూసిన అన్నిరకాల ఉద్యోగాల్లోనూ సంబంధం కనబడింది. నలుగుర్లో కలిసే గుణం సేల్స్‌లో, మేనేజర్ పనిలో అక్కరకొచ్చింది. మా ప్లాంటులో షట్‌డౌన్ అంటే మోటారుకి కరెంటు తీసి తాళమేసి ట్యాగు కట్టాలి. "ఏం కాదులే" అనే బాపతు చేతికి ఆ తాళం ఇస్తామా? వేసిన తాళాన్ని మళ్ళీ లాగి చూసుకునేవాడికే ఇస్తాం.

పర్లాకిమిడి అక్క:
షిఫ్ట్ గారూ, మీరు చెప్పింది ఎవరు పని బాగా చేస్తారని, తమ్ముడడిగింది ఎవరికి ఏ పాత్ర అని. జట్టులో ఐడియాలిచ్చేవాడు, పని పూర్తిచేసేవాడు లాంటి పాత్రల గోలకి పేరొచ్చింది బ్రిటన్‌లో మెరెడిత్ బెల్బిన్ వల్ల, హెన్లీ కాలేజీలో మేనేజర్లని జట్లు కట్టించి బిజినెస్ ఆట ఆడించి 1981లో పుస్తకం వేశాడు. మొదట 8 పాత్రలు, తర్వాత తొమ్మిదోది కలిపాడు. బాగా తెలివైనోళ్ళనే ఏరి ఒక జట్టులో వేస్తే వాళ్ళు తరచూ వెనకబడ్డారు, ఎదుటివాడి మాటలో తప్పు వెతకడంతోనే సరిపోయింది మరి. ఆయన లెక్కలో కూడా పాత్రంటే నడవడిక, స్వభావం అందులో ఒక ముక్క, అనుభవం పరిస్థితి కూడా చూడాలి, పక్కనోళ్ళని కూడా అడగాలి. ఇంతాచేసి ఆయన ప్రశ్నపత్రం కొలతే సరిగా లేదని 1993లో ఫర్న్‌హామ్ అనే సైకాలజిస్టు వాళ్ళు ఏకేశారు. మీ హెచ్‌ఆర్ పక్కనోళ్ళని అడిగారా?

గుణుపురం కుర్రాడు:
లేదక్కా, టిక్కులే.

బరంపురం బావ:
మా ఆఫీసులో అకౌంట్స్ ఆయన "ఊఁ" అనడానికి కూడా ఆలోచిస్తాడు. ఠాకురాణి యాత్రకి చూడాలి ఆయన్ని, ఒంటినిండా పసుపు చారలు పూయించుకుని పులి వేషంలో వీధి వీధంతా గంతులేస్తాడు, వెనకున్న డప్పులోళ్ళని కూడా ఆయనే అదిలిస్తాడు. ఏ ప్రశ్నల పేపరు పట్టుకుంటుంది ఇది?

రాయగడ షిఫ్ట్:
యాత్ర రెండేళ్ళకోసారి బావా. రోజూ ఎనిమిది గంటలు పులి వేషం వెయ్యమను చూద్దాం. ఒంటికి పడని పని నెట్టుకొస్తారు, కాదన్ను, కానీ నీరసపడిపోతారు.

బరంపురం బావ:
అదీ నిజమే అనుకో. అయినా ఆయన్ని ఒక్కసారైనా మీటింగులో ముందు కూచోబెట్టారా మావాళ్ళు? లేదు.

పర్లాకిమిడి అక్క:
మన సరిహద్దు ఆఫీసుల్లో స్వభావం ఎవడు చూశాడు. మా దగ్గర ఒడియా, తెలుగు రెండూ రాయగలిగిన గుమస్తా ఒకాయనున్నారు, మహా సిగ్గరి. ఇచ్ఛాపురం నుంచి కాగితమొచ్చినా, కలెక్టరాఫీసు నుంచి ఫోనొచ్చినా, ఇద్దరు తగువులాడుకున్నా ఆయన్నే లాక్కొస్తారు. ఆ కుర్చీ ఆయన గుణానికి రాలేదు, అక్కడ ఇంకెవరూ లేక వచ్చింది. ఇప్పుడు ఆయన లేకపోతే ఆఫీసు నడవదు. తమ్ముడి సవర కుర్రాడిదీ అదే లెక్క, టిక్కుల్లో భాష అడగనే లేదు కదా.

రాయగడ షిఫ్ట్:
సరే, ఇది ఒప్పుకుంటాను. ఇంతకీ ఆ కుర్రాడికేం కావాలో అడిగావా తమ్ముడూ?

గుణుపురం కుర్రాడు:
అడిగాను. ఎండలో బండి తోలక్కర్లేదు, జీతం అదే, ఏసీ గదిలో బానే ఉందన్నా అన్నాడు 😄

పర్లాకిమిడి అక్క:
మరి మనమెందుకు కొట్టుకుంటున్నాం ఇక్కడ! వారానికి రెండూళ్ళు మాత్రం వాడికిచ్చి మిగతా ఎంట్రీ ఉంచమని మేనేజర్ని అడుగు.

గుణుపురం కుర్రాడు:
సోమవారం అడుగుతానక్కా. పెట్రోలు ఎవరిస్తారని వాడు ముందే అడిగేశాడు.