దుబాయ్‌లో కేజీ టీచర్ ఉద్యోగం: వెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: దుబాయ్‌లో కేజీ-1 టీచర్‌గా ఆఫర్ వచ్చిందండీ. హైదరాబాద్‌లోనే ముగించుకోవాల్సిన పనులేంటి? మొదటి వారం క్లాసు ఎలా నడపాలి?

జవాబు 1: ముందు డిగ్రీ అటెస్టేషన్, అంటే సర్టిఫికెట్ అసలైనదేనని వరసగా ముద్రలు వేయించుకోవడం. రాష్ట్ర ప్రభుత్వం, మన విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ, చివరగా అక్కడి విదేశాంగ శాఖ. వరస తప్పితే వెనక్కి పంపేస్తారు. అపోస్టిల్ (హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల కోసం మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) సరిపోదు, ఏజెంటు ఏం చెప్పినా సరే. పాస్‌పోర్టులో, సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకేలా ఉందా? మనవాళ్ల ఫైళ్లు తరచూ ఆగేది అక్కడే.

జవాబు 2: వీసా ఖర్చు యాజమాన్యమే పెట్టుకోవాలి, అక్కడి చట్టమే అది. డబ్బు అడిగితే సంతకం చేయకండి. ప్రొబేషన్ (మొదట్లో పని చూసే పరీక్షా కాలం) 6 నెలలు దాటకూడదు.

జవాబు 3: అరబిక్, ఉర్దూ, మలయాళం, ఇలా ఎన్నో ఇళ్ల భాషల పిల్లలుంటారమ్మా. రోజు పనుల బొమ్మల కార్డులు వాళ్ల కంటి ఎత్తులో అంటించండి. ఒకసారికి ఒకే సూచన, సైగతో కలిపి. కింద కూర్చోబెట్టి చెప్పేది 10 నిమిషాలు చాలు. ఎవరికి ఏ తిండి పడదో మొదటిరోజే రాసుకోండి, ముఖ్యంగా వేరుశెనగ.