గీజర్ కింద చుక్క చుక్క కారుతోంది, ట్యాంక్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది హన్మకొండ, బోరు నీళ్లే. ఆరేళ్ల 15 లీటర్ల గీజర్. రెండు రోజుల నుంచి కారుతోంది, గోడ కూడా చెమ్మగిల్లింది. పిల్లలు స్నానం చేసేది అక్కడే, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఎంసీబీ దించెయ్యండి అన్నా. చల్లారాక పొడిగుడ్డతో అంతా తుడిచి, ఒక్కో జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టి చూడండి, తడిసిన చోటే లీకు. పైపు జాయింటైతే నీళ్లు కట్టేసి విప్పి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే చాలు.

ఇంకొకరు: వేడెక్కేటప్పుడే సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడితే అది ప్రెషర్ వదలడం. దాన్ని మాత్రం ఎప్పుడూ మూసెయ్యకండి, ప్రమాదం.

అడిగినవారు: తుడిచి చూశాను, జాయింట్లు పొడిగానే ఉన్నాయి. కింది మూత అంచున తుప్పు రంగు నీళ్లు.

జవాబు: ఎలిమెంట్ గ్యాస్కెట్ (నీళ్లు వేడిచేసే కాయిల్ దగ్గరుండే రబ్బరు సీలు) కావచ్చు, విప్పించి చూడండి. కాజీపేటలో మాకూ అంతే, లోపల తెల్లటి ఉప్పు పెచ్చులు, ట్యాంకు తుప్పు పట్టకుండా తానే అరిగిపోయే మెగ్నీషియం రాడ్ పెన్సిల్ ముక్కంత మిగిలింది. గ్యాస్కెట్, రాడ్ రెండూ మార్పించాం. ట్యాంకుకే చిల్లు పడితే అతుకులు వద్దు, కొత్తది కొనండి.