హాల్లో షాండ్లియర్‌కి స్లాబ్‌లో ఏ బాక్స్ పెట్టించాలి?

నమస్తే అండి. వచ్చే వారం మా ఇంటి స్లాబ్. సెంట్రింగ్ అయింది, ఎలక్ట్రీషియన్ పైపులు పరుస్తున్నాడు. హాల్ మధ్యలో 20 కిలోల షాండ్లియర్ ఉండాల్సిందేనని మా ఆవిడ పట్టు. అతనేమో అక్కడా మామూలు పీవీసీ డీప్ బాక్సే పెట్టి, తర్వాత డ్రిల్ చేసి యాంకర్ ఫాస్టెనర్ (కాంక్రీటు రంధ్రంలో బిగుసుకునే బోల్టు) కొడదామంటున్నాడు. ఆ బాక్స్ వైర్ల జాయింట్లకే గానీ బరువు మోయదు కదా? నాకైతే అడ్డంగా రాడ్ ఉన్న ఇనుప ఫ్యాన్ బాక్స్ తెచ్చి, ఆ రాడ్‌ని స్లాబ్ కడ్డీలకు కట్టించడమే నయమనిపిస్తోంది. రాడ్ 10 ఎంఎం చాలుతుందా, 12 వేయించాలా? కింద జిప్సం ఫాల్స్ సీలింగ్ కూడా వస్తుంది. అదెటూ బరువు ఆపదు, మరి షాండ్లియర్ తగిలించే హుక్‌ని అంత కిందికి ఎలా దింపుతారు? ఇనుప బాక్స్‌కి ఎర్త్ వైరు విడిగా లాగాలా? ఇలా చేయించినవాళ్లు కాస్త చెప్పండి, కాంక్రీటు పడ్డాక బాక్స్ మార్చలేం.