బీన్స్‌ను ఫ్రీజర్‌లో దాచే ముందు మరిగే నీళ్లలో ముంచాలా, అక్కర్లేదా?

పెరటిపాదు:
ఈసారి బీన్స్ విరగకాశాయి. రెండు రోజులకొకసారి కోసి వండుకోగా మిగిలినవి ఫ్రీజర్‌లో దాస్తున్నాను. ముందుగా మరిగే నీళ్లలో ముంచి తీయాలని కొందరూ, అది వృథా శ్రమేనని మరికొందరూ అంటున్నారు. మీరేమంటారు?

తీగపందిరి:
నేను ముంచను. విటమిన్ సి నీటిలో కరిగేది కనుక, ముంచినప్పుడల్లా అందులో కొంత ఆ నీళ్లతోనే పోతుంది. కాయలు కడిగి, తొడిమలు తుంచి, ఈనెలు తీసి, గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టి, పళ్లెంలో ఒకే వరుసగా పరిచి గడ్డకట్టించాకే సంచిలో నింపుతాను. అలా చేస్తే ఒకదానికొకటి అంటుకోవు. మూడు వారాల తర్వాత వండినా రుచిలో ఏ లోటూ కనిపించలేదు.

చలిగది:
పందిరి గారూ, మూడు వారాలకైతే మీ మాట నిజమే. నెలల తరబడి దాచినప్పుడే చిక్కంతా. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా కాయలో రంగూ రుచీ మార్చే ఎంజైముల పని మందగిస్తుందే తప్ప ఆగిపోదు; ముంచేది వాటిని వేడితో నశింపజేయడానికే. నేను ఒక ఏడాది సగం కాయలను ముంచి, సగం పచ్చిగానే దాచి చూశాను. మొదటి నెలలో తేడా తెలియలేదు గానీ, నాలుగో నెలలో పచ్చివి రంగు వెలిసి, వండితే ఎండుగడ్డి వాసన కొట్టాయి. విటమిన్ సి సంగతీ అంతే: ముంచినప్పుడు కొంత పోయినా, ముంచకుండా నెలల పాటు దాచిన కాయల్లో పోయేది అంతకన్నా ఎక్కువ.

అన్నిటికన్నా చెడ్డది అరకొరగా ముంచడం. వేడి చాలకపోతే ఎంజైములు నశించకపోగా మరింత చురుకవుతాయి, అంటే అసలు ముంచకపోవడమే నయం. అరకిలోకు నాలుగు లీటర్లకు పైగా నీళ్లు పెట్టి, కాయలు వేశాక నిమిషంలోపు మళ్లీ తెర్లాక, అక్కడినుంచి మూడు నిమిషాలు లెక్కపెట్టాలి. ఆ తర్వాత అంతసేపూ ఐసు నీళ్లలో ఉంచి, తడి పూర్తిగా ఒత్తి తీయాలి; ఈ చివరి పనికి బద్ధకించేవారే ఎక్కువ.

తీగపందిరి:
నెలలు దాచేవారి విషయంలో ఒప్పుకుంటాను. అయితే ముదిరిన కాయను ఎంత జాగ్రత్తగా ముంచినా పీచే మిగులుతుంది. లోపలి గింజ ఉబ్బకముందే, వంచితే పటుక్కున విరిగే దశలో కోయాలి. పాదు మీద కాయలను ముదరనిస్తే పూత కూడా తగ్గుతుంది. ఆకులు తడిగా ఉన్నప్పుడు కోస్తే తెగుళ్లు ఒక మొక్క నుంచి మరో మొక్కకు అంటుకుంటాయి కనుక, ఉదయపు తడి ఆరేదాకా ఆగడం మంచిది. నెలలోపు వాడేసేవాటికి మాత్రం నేనింకా పొయ్యి వెలిగించను.

పెరటిపాదు:
గత వారం ఒక్క నిమిషమే ముంచి దాచిన సంచులు నా దగ్గర రెండున్నాయి. ముందు వాటినే వండేస్తాను. రేపు కోసేవాటికి గడియారం దగ్గర పెట్టుకుంటాను.